అప్‌డేట్ తరువాత ఆలస్యముగా మేల్కొనే కంప్యూటరు



ఈ నెల మన శీర్షికకు కారణము ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము. భర్త చనిపోయిన తరువాత ఆమె ఇంటి ముందు గదిలో డీటీపీ పని చేసికొంటూ ఇద్దరు పిల్లలను చదివించుకొనుచున్నారు. బడులకు ప్రశ్నపత్రములు, పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, అన్నీ ఒకే కంప్యూటరు మీద. ఒక రాత్రి అందులో విండోస్ అప్‌డేట్ జరిగినది. మరునాటి నుండి మీట నొక్కితే పని మొదలుపెట్టుటకు 12 నిమిషములు పట్టుచున్నదట. "ఇంతకుముందు రెండు నిమిషాల్లో తెరుచుకొనేదండీ. షాపు అబ్బాయిని పిలిస్తే, ఫార్మాట్ కొట్టాలమ్మా, వేరే దారి లేదు అన్నాడు. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పదేళ్ల ఫైళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటి సీడీలు ఎక్కడ పెట్టారో మావారికే తెలుసు. ఫార్మాట్ చేయించమంటారా?" అని అడిగారు.

వద్దమ్మా, ఇప్పుడే వద్దు అని వెంటనే జవాబు వ్రాశాము. ఈ బాధ ఆమె ఒక్కరిదే కాదు గనుక మిగిలిన సంగతి ఇక్కడ వివరముగా వ్రాయుచున్నాము.

ఫార్మాట్ అనగా ఇల్లు శుభ్రము చేయుటకు సామానంతా వీధిలో పారవేయుట. షాపువారికి అది గంట పని, తేలిక పని. ఇంటివారికి అట్లు కాదు. పేజ్‌మేకరునే చూడండి. దాని ఆఖరి వెర్షను 7.0, అది వచ్చినది 2001లో. ఆ తరువాత దానిని తయారుచేసినవారు కొత్తది తేలేదు. ఆ కాలపు తెలుగు ఫాంట్లతో టైపు చేసిన అక్షరములు ఈనాటి యూనికోడ్ అక్షరములు కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా కనిపించును. అంటే ఫైళ్లను దాచుకొన్నా, ఫాంట్లు, సాఫ్ట్‌వేరు పోతే ఆ పదేళ్ల పని చదువరాని కాగితమే. డీటీపీ చేయనివారికి కూడ ఇటువంటివి ఏవో ఒకటి ఉండును: పిల్లల చిన్ననాటి ఫొటోలు, పింఛను కాగితముల స్కాన్లు, దుకాణపు లెక్కలు. గనుక మొదటి మాట ఇదే. ఆలస్యము ఎందుకో తెలిసికొనుటకు ముందే, పోగొట్టుకొనకూడనివాటిని బయటి హార్డ్ డిస్కులోనికి గాని పెద్ద పెన్‌డ్రైవులోనికి గాని నకలు తీసి, దానిని విడదీసి పక్కన పెట్టండి. కంప్యూటరు 12 నిమిషములకైనా తెరుచుకొనుచున్నది కదా. తెరుచుకొన్నన్నాళ్లే ఆ అవకాశము.

ఇక ఓర్పు సంగతి. అప్‌డేట్ అయిన మొదటి రోజు ఆలస్యమును చూచి ఎవరును కంగారు పడనవసరము లేదు. తెర మీద "పూర్తయినది" అని వచ్చినంతమాత్రాన పని అంతా పూర్తి కాదు. మార్చిన ఫైళ్లను యాంటీవైరస్ మరల పరిశీలించును. వెదుకుటకు ఉపయోగపడే సూచికను విండోస్ మరల వ్రాసికొనును. డాట్‌నెట్ అనే భాగము తన ఫైళ్లను ఈ యంత్రమునకు తగినట్లు మరల సిద్ధము చేసికొనును. ఇవన్నీ వెనుక జరుగుచుండగా మీరు ముందు కూర్చొని మౌసును నేలకేసి కొట్టినా ప్రయోజనము లేదు. లాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ చూచుకొని, రెండు మూడు గంటలు ఆన్‌లోనే వదలివేయండి. పిమ్మట రెండుసార్లు రీస్టార్ట్ చేయండి. చాలామందికి ఇక్కడితోనే కథ ముగియును. రెండు రోజులైనను తీరు మారకపోతే అప్పుడు వెదకవలెను.

వెదకుట తేదీలతో మొదలుపెట్టండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అప్‌డేట్ హిస్టరీ అని ఉండును. ఏ రోజున ఏది వచ్చినదో అక్కడ తేటగా ఉండును. మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా సవరణలు ప్రతి నెల రెండవ మంగళవారము విడుదలగును. అమెరికా వేళకూ మన వేళకూ గల తేడా వలన అవి మనకు మంగళవారము రాత్రి పొద్దుపోయాక గాని బుధవారము గాని అందును. మీ కంప్యూటరు నిదానించినది శనివారమైతే ఆ నెలవారీ అప్‌డేట్ మీదనే నేరము మోపుట తొందరపాటే. ఆ శుక్రవారము ఎవరైనా ప్రింటరు సాఫ్ట్‌వేరు ఎక్కించారా, పిల్లలు ఏదైనా ఆట దించుకొన్నారా అని ఇంట్లో అడగండి. అదే పుటలో డ్రైవర్ల జాబితా వేరుగా ఉండును, దానిని కూడ చూడండి. "తరువాత" వచ్చినదంతా "వలన" వచ్చినది కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దీనికి కావలసినవి ఒక గడియారము, ఒక కాగితము. మీట నొక్కినప్పటి నుండి కంప్యూటరు మూడు దశలు దాటును. మొదటిది, మీట నొక్కినది మొదలు తయారీదారుని గుర్తు కనిపించి, దాని కింద చుక్కలు గుండ్రముగా తిరుగుట మొదలగు వరకు. అక్కడ విండోస్‌కు ఇంకా పని లేదు. బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాము డిస్కు ఉన్నదా, కీబోర్డు ఉన్నదా అని పరీక్షించుకొనుచుండును. రెండవది, చుక్కలు తిరుగుట మొదలు పాస్‌వర్డు అడిగే వరకు. అక్కడ విండోస్ తన మూలభాగమును, డ్రైవర్లను, సర్వీసులను ఎక్కించుకొనును. మూడవది, పాస్‌వర్డు ఇచ్చినది మొదలు నిజముగా పని చేసికొనగలుగు వరకు. అక్కడ మనమూ, మనము ఎక్కించిన సాఫ్ట్‌వేర్లూ కూడబెట్టినవన్నీ ఒక్కసారిగా లేచి కూర్చొనును. మూడు దశలకును మూడు వేర్వేరు సమయములు వ్రాసికొనండి. రెండు రోజులు, రోజుకు ఒకసారి చాలును. ఏ దశలో ఆగుచున్నదో తెలియకుండ మందు వేయుట, రోగి కడుపునొప్పి అంటే కంటికి చుక్కలు వేయుట వంటిది. మాకు వచ్చే ఉత్తరములలో చాలవరకు "స్లో అయినది" అనే మాటే తప్ప ఎక్కడ స్లో అయినదో ఉండదు.

మొదటి దశ ఆలస్యమైతే విండోస్‌ను తిట్టవద్దు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొనును. అందులో స్టార్టప్ యాప్స్ అనే పుటలో పైన కుడివైపున "లాస్ట్ బయోస్ టైమ్" అని కొన్ని సెకండ్లు చూపును. ఇటీవలి యంత్రములలో ఈ లెక్క ఉండును. అది పెద్ద సంఖ్యగా ఉంటే ముందు పెన్‌డ్రైవు, బయటి డిస్కు, ప్రింటరు, కార్డ్ రీడరు అన్నీ పీకి చూడండి. కొన్ని బోర్డులు తగిలించిన ప్రతిదానిలో విండోస్ ఉన్నదేమోనని వెదకుచు కూర్చొనును.

ఇక్కడ ఒక హెచ్చరిక. బయోస్‌లోనికి వెళ్లి ఏదైనా మార్చక ముందు మీ డిస్కు తాళము వేయబడి ఉన్నదేమో చూచుకొనండి. ఇటీవలి విండోస్ 11 కంప్యూటర్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే డిస్కుకు బిట్‌లాకర్ తాళము తనంతట తానే పడుట కద్దు. బయోస్ మారినప్పుడు అది 48 అంకెల రికవరీ కీని అడగవచ్చును. ఆ కీ సాధారణముగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరచబడి ఉండును. ముందే తీసి ఒక కాగితము మీద వ్రాసికొనండి. ఆ 48 అంకెలు లేని యెడల ఏ షాపువాడును దానిని తెరువలేడు, లోపలి ఫొటోలు లోపలనే ఉండిపోవును.

రెండవ దశలో చుక్కలు తిరుగుచునే ఉంటే అనుమానము డ్రైవర్ల మీదికి, సర్వీసుల మీదికి పోవలెను. ఇక్కడ ఊహించనక్కరలేదు, కంప్యూటరే తన దినచర్య వ్రాసికొనుచుండును. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. ఎడమవైపున అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో డయాగ్నొస్టిక్స్ పెర్ఫార్మెన్స్, అందులో ఆపరేషనల్. దారి పొడవైనదే, కాని ఒకసారి వెళ్లినవారికి రెండవసారి సులువు. అక్కడ 100 అనే సంఖ్య గల ప్రతి వరుసయు ఒకసారి ఆన్ చేసిన సంగతి చెప్పును. దానిలో బూట్ డ్యూరేషన్ మిల్లీసెకండ్లలో ఉండును, అనగా వెయ్యికి ఒక సెకండు. 7,20,000 అని ఉంటే 12 నిమిషములు. 101 సంఖ్య గలది ఆలస్యము చేసిన ప్రోగ్రామును, 102 డ్రైవరును, 103 సర్వీసును పేరుతో సహా చూపును. అప్‌డేట్‌కు ముందటి నెల తేదీల 100 వరుసలు కూడ అక్కడే ఉండవచ్చును. అప్పుడెంత, ఇప్పుడెంత అని పక్కపక్కన పెట్టి చూడండి. "ఇదివరకు రెండు నిమిషాలే" అని మనము గట్టిగా నమ్మినది ఒక్కొక్కసారి అక్కడ ఐదు నిమిషములుగా తేలును. మనుష్యుల జ్ఞాపకము పాతవాటిని కొంచెము బంగారము పూసి చూపును.

నేరము డ్రైవరుదని తేలితే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరము ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ అనే పుటలో రోల్ బ్యాక్ నొక్కితే పాత డ్రైవరు తిరిగి వచ్చును. ఆ మీట మసకగా ఉంటే దాచిన పాతది లేదని అర్థము. అప్పుడు కంప్యూటరు తయారీదారుని సైటు నుండి మీ మోడలుకు సరిపోయే డ్రైవరును తెచ్చుకొనవలెను. "అన్ని డ్రైవర్లను ఒక్క నొక్కుతో సరిచేస్తాము" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రము పోవద్దు. వాటిని తీసివేయుట వాటిని ఎక్కించుట కంటె కష్టము.

మూడవ దశకు వద్దాము. ఎక్కువ ఇండ్లలో ఆలస్యము దాగి ఉండేది ఇక్కడనే. పైన చెప్పిన స్టార్టప్ యాప్స్ పుటలో ఒక్కొక్క ప్రోగ్రాముకు ఎదురుగా దాని భారము హై, మీడియం, లో అని వ్రాసి ఉండును. ఇవి ఉత్త మాటలు కావు. ఆన్ అగునప్పుడు ఒక సెకండుకు మించి ప్రాసెసరును గాని, 3 ఎంబీకి మించి డిస్కును గాని వాడుకొన్నది హై. అప్‌డేట్ అయినప్పుడు కొన్ని ప్రోగ్రాములు ఈ జాబితాలో కొత్తగా చేరుట, మనము ఆపినవి మరల లేచుట జరుగును. గనుక ప్రతి పెద్ద అప్‌డేట్ తరువాత ఈ పుట ఒకసారి చూచుట మంచి అలవాటు. మాటలాడుకొనే యాప్‌లు, ఆటల లాంచర్లు, మూడేళ్ల క్రిందట అమ్మివేసిన ప్రింటరుకు సంబంధించిన సహాయక ప్రోగ్రాము, ఇటువంటివి డిసేబుల్ చేయండి. డిసేబుల్ అంటే తీసివేయుట కాదు. ఉదయాన్నే లేవవద్దు, పిలిచినప్పుడు రా అని చెప్పుట మాత్రమే. అయితే యాంటీవైరస్‌ను, సౌండుకు, టచ్‌ప్యాడుకు సంబంధించినవాటిని, తెలుగు కీబోర్డు ప్రోగ్రామును ముట్టవద్దు. డీటీపీవారు ఆ కీబోర్డును ఆపి, "ఇంగ్లీషే పడుచున్నది" అని బెంగపడుట ఉన్నదే. ఒకే కంప్యూటరులో రెండు యాంటీవైరస్‌లుంటే ఒకదానిని తీసివేయండి. ఒకే గుమ్మమునకు ఇద్దరు కావలివారుంటే వచ్చినవారిని ఇద్దరూ సోదా చేయుదురు, ఒకరినొకరు కూడ సోదా చేసికొందురు.

ఇక డిస్కు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే పుట తెరిస్తే మీ డిస్కు పేరు కింద ఎస్‌ఎస్‌డి అని గాని హెచ్‌డిడి అని గాని ఉండును. హెచ్‌డిడి అని ఉండి, ఆన్ చేసిన తరువాత పది నిమిషములు అది 100 శాతము వద్దనే నిలిచి ఉంటే, తక్కిన చిట్కాలన్నిటికంటె ఇదే పెద్ద సంగతి. చాలామంది ఇక్కడ తికమకపడుదురు. "డిస్కు నూటికి నూరు అంటుంది, వేగము చూస్తే సెకండుకు 1 ఎంబీ కూడ లేదు, ఇదేమి లెక్క?" అని. లెక్క సరియైనదే. లాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్కు పళ్లెము సాధారణముగా నిమిషమునకు 5400 సార్లు తిరుగును. అనగా సెకండుకు 90 చుట్లు. ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకండ్లు. కావలసిన చోటు సూది కిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు ఆగవలెను. సూది ఆ వరుసకు జరుగుటకు ఇంకొక 10 మిల్లీసెకండ్ల వరకు వేసికొనండి. చెల్లాచెదరుగా ఉన్న ఒక్కొక్క ముక్కను చదువుటకు సుమారు 15 మిల్లీసెకండ్లు, అంటే సెకండుకు 65 ముక్కలకు మించి కాదు. ఉదాహరణకు, ఆన్ అగునప్పుడు అటువంటి చిన్న ముక్కలు 20,000 కావలెననుకొందాము. 5 నిమిషములు దాటిపోవును. ఒక్కొక్క ముక్క చిన్నది గనుక ఎంబీల లెక్క తక్కువ కనిపించును. కాని సూదికి మాత్రము ఊపిరి సలపదు. ఎస్‌ఎస్‌డిలో తిరిగే పళ్లెము లేదు, జరిగే సూది లేదు. అది సెకండుకు వేలకొలది, పదివేలకొలది ముక్కలను చదువగలదు. ఈనాటి విండోస్ అటువంటి డిస్కును మనసులో పెట్టుకొని వ్రాయబడుచున్నది. పాత డిస్కు మీద ప్రతి పెద్ద అప్‌డేట్ బరువు పెంచునే గాని తగ్గించదు.

ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్నవారికి ఇదే బాధ రెండింతలు. ర్యామ్‌లో పట్టనిదంతా విండోస్ డిస్కు మీదికే దించుచుండును.

అయితే హార్డ్ డిస్కు నిదానముగా ఉండుట వేరు, చచ్చిపోవుచుండుట వేరు. ఈ తేడా తెలియకనే ఎన్నో ఇండ్లలో నష్టము జరుగుచున్నది. అప్‌డేట్ అనగా కొన్ని జీబీల కొత్త ఫైళ్లను డిస్కు మీద వ్రాయుట, పాతవాటిని జరుపుట. సంవత్సరముల తరబడి ముట్టని చోట్లను కూడ ఆ రాత్రి సూది ముట్టును. అప్పటికే పాడైన చోట్లుంటే అప్పుడు బయటపడును. అక్కడ చదువలేక మరల మరల ప్రయత్నించుచుండుటయే మనకు 12 నిమిషములుగా కనిపించును. అప్‌డేట్ ఆ రోగమును తేలేదు, చూపినది. ఈవెంట్ వ్యూయర్‌లోనే విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరచి, డిస్క్ అనే పేరుతో 7 సంఖ్య గల వరుసలున్నవేమో చూడండి. డిస్కులో పాడైన భాగము తగిలినదని దాని అర్థము. 153 సంఖ్య పలుమారు కనిపిస్తే, మొదటిసారి పని కాక మరల ప్రయత్నించవలసి వచ్చినదని అర్థము. టిక్కు టిక్కుమని కొత్త శబ్దము వచ్చినా అనుమానించవలెను. అటువంటప్పుడు డిస్కును బాగుచేసే పరీక్షలేవీ నడపవద్దు. ఆ పరీక్ష డిస్కునంతటిని చదివించి, మిగిలిన ఆయుష్షును కూడ తినివేయును. ముందు నకలు, తక్కినవన్నీ పిమ్మట.

ఉత్తరము వ్రాసిన సహోదరి విషయములో తేలినది ఇదే. మొదటి రెండు దశలు నిమిషములోపే, మూడవది 11 నిమిషములు, డిస్కు హెచ్‌డిడి, సిస్టమ్ లాగ్‌లో 7 సంఖ్య గల వరుసలు ఇరవైకి పైగా. పెద్దబ్బాయి రెండు రాత్రులు కూర్చొని ఫైళ్లన్నీ బయటి డిస్కుకు ఎక్కించాడట. పిమ్మట వేరొక మెకానిక్కు పాత డిస్కును ఉన్నదున్నట్లు ఎస్‌ఎస్‌డి మీదికి క్లోన్ చేసి ఇచ్చాడు. క్లోన్ అనగా ఫైళ్లు మాత్రమే కాదు, విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫాంట్లు, సెట్టింగులు సమస్తము దిగును. మూడు ఫైళ్లు చదువరాక పోయినవి, మూడును పాత కరపత్రములే. పేజ్‌మేకరు తెరుచుకొన్నది, తెలుగు తెలుగుగానే ఉన్నది. పబ్లిక్ పరీక్షల పత్రముల గిరాకీ కూడ తప్పిపోలేదు.

ఇంకొక చిత్రమైన సంగతి చాలామందికి తెలియదు. మనము రాత్రి షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ పూర్తిగా నిద్రపోదు. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉన్నది. మూలభాగమును ఉన్నదున్నట్లు డిస్కు మీద ఒక ఫైలులో దాచి, ఉదయము దానినే తిరిగి లేపును. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రము మొదటి నుండి కొత్తగా మొదలగును. ప్రతి రాత్రి షట్‌డౌన్ చేసేవారు కూడ టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పుట చూస్తే "అప్ టైమ్" 17 రోజులని కనిపించి ఆశ్చర్యపడుట ఇందువలననే. డ్రైవర్లు మారిన పిమ్మట కొన్ని యంత్రములలో ఈ దాచిన ప్రతికి, కొత్త డ్రైవరుకు పొసగక ఆలస్యమగును. గుర్తు ఏమనగా, రీస్టార్ట్ చేస్తే చకచక తెరుచుకొనును, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తేనే ఆలస్యము. అటువంటివారు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏమి చేయవలెనో ఎంచుకొనే చోటికి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఎదుటి టిక్కు తీసివేసి మూడు రోజులు చూడండి. మేలు కనిపించనియెడల మరల పెట్టివేయండి. పాత హార్డ్ డిస్కు గలవారికి అది మేలే చేయును గనుక, "దీన్ని ఆపితే చాలు" అని అందరికీ చెప్పే సలహా మాకు నచ్చదు.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినవారు విండోస్ ఫైళ్లు చెడినవేమో చూచుకొనవలెను. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఎస్, ఎఫ్, సి అనే మూడు ఇంగ్లీషు అక్షరములు, ఒక ఖాళీ, ప్రశ్న గుర్తు ఉన్న మీట మీదనే ఉండే ఏటవాలు గీత, ఆ గీతకు ఆనించి స్కాన్‌నౌ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. అరగంట పట్టవచ్చును. చెడినవి కనిపిస్తే తానే బాగుచేసికొనును. డిస్కు మీద పైన చెప్పిన అనుమానము లేనివారికే ఈ పరీక్ష.

ఇవన్నీ చూచినా అప్‌డేట్‌దే నేరమని తేలితే దానిని తీసివేయవచ్చును. నెలవారీదైతే అప్‌డేట్ హిస్టరీ పుట అడుగున అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉన్నది. తీసివేసి ఒకటి రెండు వారములు పాజ్ పెట్టండి, ఈలోగా సరిచేసిన ప్రతి రావచ్చును. పెద్ద మార్పు అయితే, అంటే విండోస్ 10 నుండి 11కు గాని 11లో ఒక వెర్షను నుండి మరొకదానికి గాని పోయినట్లయితే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్ ఉండును. దానికి గడువు 10 రోజులు మాత్రమే. పాత విండోస్‌ను అంతవరకే ఒక ఫోల్డరులో దాచి ఉంచి, పిమ్మట చెరిపివేయును. స్థలము చాలలేదని ఎవరైనా ఆ ఫోల్డరును ముందే చెరిపితే తిరుగు దారి ఆ రోజే మూసికొనును. గనుక ఆలస్యము కనిపించిన మొదటి వారములోనే పరీక్ష ముగించుకొనండి.

కొందరు విసిగి, అప్‌డేట్లనే శాశ్వతముగా ఆపివేయించుకొందురు. ఇందులో మేము ఏకీభవించము. 2017 మే 12న వనాక్రై అనే వైరసు లోకమంతట కంప్యూటర్ల ఫైళ్లకు తాళము వేసి డబ్బు అడిగినది. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించినది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడ కొన్ని దాని బారిన పడినవి. అది దూరిన సందును మూసే సవరణను మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరము మార్చి 14వ తేదీననే విడుదల చేసినది. అనగా రెండు నెలల ముందే మందు ఇంటికి వచ్చినది, వేసికొననివారు ఎందరో. 12 నిమిషముల ఆలస్యము విసుగే, తాళము పడిన ఫైళ్లు మాత్రము జీవనోపాధినే తీసికొని పోవును. విండోస్ 10 వాడేవారు మరొక సంగతి గమనించవలెను. దానికి మామూలు ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అదనపు భద్రతా పథకములో చేరిన ఇండ్ల కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13ను గడువుగా ప్రకటించారు. అందుచేతనే ఎందరో పాత యంత్రములలో విండోస్ 11 ఎక్కించుకొని, వెంటనే ఆలస్యమును చూచి దిగులుపడుచున్నారు. 11కు కనీసము 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అని నిబంధన. ఆ కనీసము మీద అది నడుచును, పరుగెత్తదు.

షాపుకు తీసికొనివెళ్లవలసి వచ్చినవారికి నాలుగు మాటలు. మీరు వ్రాసికొన్న మూడు దశల సమయములు ఆ కాగితముతో సహా చూపండి. చూపినవారితో మాట తీరే వేరుగా ఉండును. "ఫార్మాట్ వద్దు, ఎస్‌ఎస్‌డి వేసి క్లోన్ చేయండి" అని నోటితో చెప్పి ఊరుకొనక రసీదు మీద వ్రాయించండి. పాస్‌వర్డు అడిగితే మీ ఎదుటనే మీరే కొట్టండి. పాత డిస్కును అక్కడ వదలి రావద్దు, పనికిరాదని వారన్నా సరే, అందులో మీ ఇంటి సంగతులన్నీ ఇంకా ఉన్నవి. దానిని తెచ్చుకొని, తేదీ వ్రాసిన కాగితము అంటించి, గుడ్డలో చుట్టి, తడి తగలని చోట బీరువాలో ఆరు నెలలు ఉంచండి. క్లోన్‌లో ఏదైనా ఫైలు లేదని అప్పటిలోగా మీకే తెలియును.